ఒకే గేటు, రెండు లారీలు

మా యజమాని ఇక లేరని తిరుపతి ఆసుపత్రి నుంచి ఆయన కొడుకు ఫోను చేసినప్పుడు, రంపపు పొట్టు నింపుకున్న లారీ మా కోతమిల్లు గేటు దాటుతోంది. పలమనేరు వైపు పాడి రైతులు ఆవుల కింద పరచడానికి ఆ పొట్టు కొంటారు. లారీ వెళ్లిపోయాక రంపం ఆపించి, గేటు మూయించాను.

చిత్తూరు దగ్గర ఆ మిల్లులో నేను లెక్కలు రాస్తాను. పెద్దగా చదువుకోలేదు. తప్పు రాస్తే అరవకుండా, పక్కన కూర్చుని దిద్దించిన మనిషి ఆయన.

ఒకరోజు పొట్టు లారీ బయటికి పోతుంటే డీజిల్ పీపాల లారీ ఎదురొచ్చింది. కోసిన పలకలు ఆరబెట్టే గదికి వేడి ఆ డీజిల్‌తోనే.

"సూడప్పా, మండే పొట్టును అమ్మి, కాల్చేదానికి డీజిల్ కొంటా ఉండాం. ఆ డ్రైవర్లిద్దరూ మాట్లాడుకుంటే మనం యాడ దాక్కోవాల?" అన్నారు.

నవ్వుతూ అన్నారు గానీ ఆ మాట ఆయనను వదల్లేదు. చెన్నై రేవు నుంచి విదేశీ కలప అమ్మేవాళ్లు వస్తే, ధర కన్నా ముందు, ఆ దేశాల్లో కొయ్య దేంతో ఆరబెడతారని అడిగేవారు. ఒకాయన గ్యాసు అన్నాడు. ఇంకొకాయన బొగ్గు అన్నాడు. చలిదేశం సరుకు తెచ్చినాయన మాత్రం, తను చూసిన మిల్లులో బెరడూ పొట్టే కాలుస్తారన్నాడు. ఆయనకు రెండో కాఫీ ఇప్పించారు.

ఆ ఏడే గది వెనక ఇటుకలతో పొట్టు పొయ్యి కట్టించారు. ఆ వేడికి గదిలో మొదట పెట్టినవి ముసలి మామిడిచెట్ల పలకలు. వాన పడి పొట్టు తడిసింది. మంట ఒకసారి ఎగసి, ఒకసారి చచ్చి, పలకలు నిలువునా పగిలాయి. తలుపులు చేయించుకోవాలనుకున్న పార్టీ వేరే మిల్లుకు పోయింది.

"నాయనా, దీని ముందర మనిషి కాపలా కూర్చోవాల. డీజిల్ అయితే స్విచ్ ఏస్తే సాలు," అన్నాడు కొడుకు.

"సరేలేబ్బా. ఎండలు రానీ, పొట్టు ఆరబోసి ఇంకొక్కసారి సూస్తాం."

ఎండలు వచ్చాయి, పోయాయి. ఆర్డర్లు డీజిల్ పని ఆపనివ్వలేదు. పొయ్యిని మాత్రం ఆయన కూల్చనివ్వలేదు. అందులో పిల్లి ఈనితే, "పోనీ, దీనికైనా పనికొచ్చింది" అన్నారు.

ఆయన పోయిన రోజు సాయంత్రం శ్మశానంలో చినుకులు. చితి మీద కట్టెలు నాని అంటుకోలేదు. ఎవరో డీజిల్ క్యాను తెచ్చారు. కొడుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు. మిల్లులో ఎండు పొట్టు ఉండాది గదన్నా, తెప్పించు," అన్నాడు నాతో.

"పొద్దున్నే లారీకి ఎత్తినారబ్బా."

అయినా రంపం కింద మిగిలింది ఊడ్చుకు రమ్మని మనిషిని పంపాం. ఒక గంపెడు దొరికింది. కొడుకు దాన్ని గుప్పిళ్లతో కట్టెల సందుల్లో చల్లాడు. కాసేపు వెలిగింది. అంతలో వాన పెరిగి మంట కుంగిపోయింది. అప్పుడు అతనే, ఎవరి ముఖమూ చూడకుండా, క్యాను అందుకున్నాడు.

తిరిగొచ్చాక ఇంటి ముందర అతనికి కాళ్లూ చేతులూ కడుక్కోమని నీళ్ల చెంబు ఇచ్చాను. తడి చేతులకు పొట్టు ఇంకా అంటుకునే ఉంది. చెంబు వంచకుండా చాలాసేపు అట్లే నిలబడ్డాడు.