పిసినారి గవర్నర్

రెండేళ్ల కిందట, వానలు మొదలయ్యే ముందు, నన్ను ఉప్పల్ డిపో నుంచి నాచారం యూనిట్‌కు మెయింటెనెన్స్ ఇంజనీరుగా వేశారు. రిటైర్మెంటుకు ఇక కొన్ని నెలలే ఉన్నాయి. చేరిన రోజే మేనేజర్ గారు ఒక కాగితం ముందుకు తోసి సంతకం పెట్టమన్నారు. అది కండెమ్ రిపోర్టు, అంటే ఈ యంత్రం ఇక పనికిరాదని ఇంజనీరు రాసిచ్చే మాట. షెడ్డు వెనకున్న పాత పెట్రోల్ ఇంజన్ పంపు గురించి అది. గట్టి వాన పడితే ఇక్కడ కరెంటు పోతుంది, కేబుళ్లున్న కింది గదిలోకి నీళ్లొస్తాయి. అప్పుడు తోడేది ఆ పంపు ఒక్కటే.

చూడకుండా సంతకం పెట్టనన్నాను. "అది మీకంటే పాతదండీ," అని ఆయన నవ్వారు. నాకు ఒళ్లు మండింది. పాతదైతే చాలు పనికిరాదనుకుంటే ముందు నన్నే కండెమ్ చేయాలి.

పంపు నడిపే యాదయ్య కాంట్రాక్టు మనిషి, మేడిపల్లి నుంచి వస్తాడు. ఇంజన్ తుక్కులోకి పోతే అతని పని కూడా పోతుంది. ఆ సంగతి రిపోర్టులో ఎక్కడా లేదు.

అతను స్టార్ట్ చేసి చూపించాడు. ఖాళీగా ఉన్నంతసేపు ఇంజన్ చెవులు పగిలేలా అరిచింది. వాల్వు తిప్పి నీళ్ల బరువు వేయగానే దగ్గి ఆగిపోయింది. వంగి చూస్తే ఇంజన్ వేగాన్ని పెంచే, తగ్గించే త్రాటిల్‌ను పూర్తిగా తెరిచి బైండింగ్ తీగతో కట్టేసి ఉంది. ఇదేమిటని అడిగాను.

"గీ గవర్నర్ ఉత్త పిసినారిది మేడమ్. జర గూడ పెట్రోల్ ఇడ్వది. గందుకే కట్టేసిన. ఉప్పల్ల మస్తుమంది గిట్లనే కడ్తరు."

నిజమే, కడతారు. బరువు పడి వేగం తగ్గితే త్రాటిల్ తెరవడం, బరువు పోతే మూయడం గవర్నర్ పని. దాన్ని కట్టేస్తే ఇంజన్ ఊరికే అరుస్తుంది, ఆ అరుపునే బలమనుకుంటారు.

స్టార్టర్ తాడు నెమ్మదిగా లాగాను. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో నొక్కుకున్న గాలి ఒత్తిడి, చేతిని గట్టిగా ఆపింది. అంటే ఇంజన్ అరిగిపోలేదు. గాలినీ పెట్రోల్‌నూ కలిపే కార్బురేటర్ విప్పితే తప్పు దొరికింది. ఎండాకాలమంతా దాని గిన్నెలో నిలిచిన పెట్రోల్ జిగురుగా మారి, పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రమున్న జెట్‌కు అడ్డం పడింది. త్రాటిల్ ఎంత తెరిచినా గాలే తప్ప పెట్రోల్ చాలినంత రావడం లేదు. యాదయ్య ఆ రంధ్రంలో తీగ పెట్టబోతే వద్దన్నాను. రంధ్రం పెద్దదైతే జెట్ మార్చాల్సిందే. నానబెట్టి, గాలి కొట్టి శుభ్రం చేశాం.

తర్వాత కట్టుతీగ కత్తిరించాను. గవర్నర్ మళ్లీ త్రాటిల్‌ను సరిగ్గా కదపాలంటే ఇంజన్ ఆపి ఉంచి, త్రాటిల్‌ను పూర్తిగా తెరిచి పట్టుకుని, గవర్నర్ షాఫ్టును అదే వైపు చివరిదాకా తిప్పి క్లాంపు బిగించాలి; అలాగే బిగించాను. చాలామంది ఈ పని ఎగ్గొట్టి గవర్నర్ స్ప్రింగును తిడతారు. ఇంజన్ వేడెక్కాక గొంతు వింటూ, గాలి, పెట్రోల్ పాళ్లు దిద్దే మిక్చర్ స్క్రూ సరిచేశాను.

పరీక్షకు మేనేజర్ గారు వచ్చారు. ఇంజన్ మెత్తగా నడుస్తోంది. ఉన్న స్పీడు కూడా పోగొట్టారే అన్నారు. వాల్వు తిప్పమన్నాను. బరువు పడగానే గొంతు ఒక్కసారి దిగింది, గవర్నర్ చెయ్యి కదిలింది, ఇంజన్ నిలదొక్కుకుంది. కింది గదిలో పరీక్షకని నింపిన నీళ్లు పైపు నిండా వచ్చి కాలువలో పడ్డాయి. ఇంకాస్త పెంచుదామని ఆయన త్రాటిల్ వైపు చెయ్యి చాపారు. యాదయ్య అడ్డం వచ్చాడు.

"ముట్టకుండ్రి సార్. ఎంత ఇయ్యాల్నో దానికెర్క."

కండెమ్ రిపోర్టు మీద "పనిచేస్తోంది, ఆపరేటర్ అవసరం" అని రాసి, దాని కింద సంతకం పెట్టి తిరిగిచ్చాను. తాను అడిగింది ఇది కాదని మేనేజర్ గారు అన్నారు. నేను చూసింది ఇదేనన్నాను. బరువు వేసి చూడకుండా యంత్రాన్నైనా మనిషినైనా పనికిరాదని రాయకూడదు. ఇది నాకు ఉద్యోగమంతా తెలిసిన విషయమే. మొహం మీద చెప్పాల్సి వచ్చింది మాత్రం ఆ రోజే, చెప్పాను.