కాఫీ పండు ఎరుపు

డబ్బా మానిటర్ల రోజుల్లో విశాఖలో డిజైనింగ్ రంగంలోకి దిగాను. రంగుల సంగతి తర్వాత నేర్చుకోవచ్చులే అనుకున్నాను. కంప్యూటర్ల కొట్టాయన ఒకే ధరకి రెండు మానిటర్లు చూపించాడు. ఒకటి వాడేసినదే అయినా రంగుల్ని ఉన్నదున్నట్టు చూపిస్తుందన్నాడు. రెండోది ధగధగలాడే కొత్తది. నేను మెరుపుకే పడిపోయాను.

దాని మీద ఎరుపు మరీ ఎక్కువగా కనిపిస్తుంటే తగ్గించి తగ్గించి ఒక పోస్టరు చేశాను. కాఫీ పండు ఏ రంగుకొచ్చాక కోయాలో కూలీలకు చూపించే పోస్టరు అది. నమూనా ప్రింటు పట్టుకుని అరకు బస్సెక్కాను.

అనంతగిరిలో ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఆ కాగితం తీసుకుని కిటికీ వెలుగులో పెట్టి చూసింది.

"ఏటి బాబూ, పచ్చి కాయలెట్టీసినావు?"

"పళ్ళేనమ్మా. కంప్యూటర్లో ఎర్రగానే ఉన్నాయి."

"మేం కోసేది కంప్యూటర్ని కాదు కదేటి! ఇది సూసి మా గుంటలు పచ్చివి కోసీసినారంటే కొనేవోళ్ళు బుట్టలు ఎనక్కి తోసెత్తారు. బేగి మార్సు బాబూ."

మారుస్తానని నవ్వాను. మార్చాలంటే ముందు మానిటరు ఎంపికలో మోసపోయానని ఒప్పుకోవాలి. అది ఇష్టంలేక అలాగే అచ్చుకిచ్చేశాను.

రెండేళ్ళ తర్వాత కోతల కాలంలో, కొండమీది ఊళ్ళో ఒక గోడ మీద నా పోస్టరు కనిపించింది. పళ్ళన్నిటికీ కుంకుమ పూసి ఉంది. నా కళకు పూజలు కూడా చేస్తున్నారని కాసేపు పొంగిపోయి, పూజ ఎప్పుడు చేశారని అడిగాను.

"పూజేటి బాబూ! నిరుడు ఇది సూసి పచ్చివి కోసీసి తిట్లు తిన్నాం. అందుకే రంగు మేమే దిద్దుకున్నాం," అంది అక్కడున్న ఒకామె.