ఐదు ఆంప్స్ ముందున్న అక్షరం

2023 వానాకాలం. ఒడిశాలోని జయపురంలో మాది చిన్న ఎలక్ట్రికల్ షాపు. సాలూరు నుంచి వచ్చి మా నాన్న పెట్టింది. నేను అందులో కూర్చోబట్టి అప్పటికి ఇరవై రెండేళ్లు. ఎవరైనా ఫ్యూజు అడిగితే తల ఎత్తకుండా డబ్బాలో చెయ్యి పెట్టి తీసిచ్చేవాణ్ణి. ఆ మాత్రం పొగరు నాకుండేది. ఇప్పటికీ కొంత ఉంది.

సలోమి టీచర్ బొయిపరిగుడ దగ్గర బడిలో పని చేస్తారు. బస్సు వేళలు కుదరక ఎలక్ట్రిక్ స్కూటర్ కొనుక్కున్నారు. ఉరుములు ఉరిమిన ఒక సాయంత్రం దాని ఛార్జర్ ఆగిపోయింది. మర్నాడు వచ్చి ఐదు ఆంప్స్ ఫ్యూజు అడిగారు, ఇచ్చాను. రెండు రోజులు నిలిచింది. మరొకటి ఇచ్చాను. అది స్విచ్ వెయ్యగానే పోయింది.

మూడోసారి ఛార్జరే చంకన పెట్టుకొని వచ్చారు.

"ఏటి టీచరమ్మా, మల్లీ ఎగిరిపోనాదా?"

"పోయిందన్నయ్యా. పక్కింటాయన రాగి తీగ సుట్టీమంటన్నాడు. అదైతే ఇంక జన్మలో పోదంట. ఇయ్యాల అదే సేద్దామనుకుంటన్నాను."

నాకు ఒళ్లు మండింది. "అవును, ఫ్యూజు పోదు. ఇల్లు పోతాది! అసలు ఛార్జింగు ఎక్కడ పెడతన్నారు?"

ఆవిడ ఛార్జర్ నా ముందు పెట్టారు. "అమ్మ మంచం పక్కన. మూడు పిన్నుల ప్లగ్గు ఆ గదిలోనే ఉంది" అన్నారు.

వాళ్లమ్మగారికి పక్షవాతం. మంచం దిగి నాలుగడుగులు వెయ్యలేని మనిషి. తీగ చుడితే, లోపల షార్టు అయినా కరెంటు ఆగదు. ఛార్జర్ కాలుతుంది, తర్వాత మంచం. నాకు నిజంగా భయం వేసింది.

ఛార్జర్ విప్పి మల్టీమీటరు పెట్టాను. షార్టు లేదు. అందులో పోయి ఉన్న ఫ్యూజు గాజు కూడా తెల్లగానే ఉంది, లోపలి తీగ మాత్రం మధ్యలో తెగింది. షార్టు అయితే గాజు నల్లబడేది. మరి ఎందుకు పోతున్నట్టు? పది ఆంప్స్‌ది వేసి పంపేద్దామని ఒక్క క్షణం నాకే అనిపించింది. తీగ చుట్టడానికి అది తమ్ముడే కదా అని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఈలోగా టీచర్ బ్యాగులోంచి సుద్దముక్కల డబ్బా తీశారు. ముందు పోయిన ఫ్యూజులు రెండూ అందులో దాచారు; మూడోదాన్నీ వాటి పక్కన పెట్టారు. కళ్లద్దాలు పెట్టుకుని వాటి మూతల మీది అక్షరాలను, పిల్లల పలకలు దిద్దినట్టే, ఒక్కొక్కటిగా చదివారు.

"అన్నయ్యా, ఛార్జర్‌తో వచ్చినదాని మీద T ఉంది. మీరిచ్చిన రెండిటి మీదా F ఉంది. రెండూ ఒకటేనేటి?"

ఒకటి కాదు. ఆ సంగతి నాకు తెలుసు. చూడటమే మానేశాను. స్విచ్ వెయ్యగానే ఛార్జర్‌లోని కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు లాగి, వెంటనే సర్దుకుంటాయి. T అంటే టైమ్‌లాగ్, ఆ క్షణాన్ని ఓర్చుకునేది. F అంటే ఫాస్ట్, ఓర్చుకోలేనిది. ఇదంతా చెబితే ఆవిడ నవ్వారు. "అయితే మీరు F అన్నమాట. ఇందాక నా మీద ఎలాగ ఎగిరేరు!"

సిగ్గుపడుతూ డబ్బా బోర్లించాను. "అన్నీ ఐదు ఆంప్సే కదా" అని రెండు రకాలూ ఎప్పుడో నేనే అందులో కలిపేశాను. ఆవిడ చదువుతూ వేరు చేశారు. T నాలుగు దొరికాయి. 250 వోల్టులు, అదే సైజు. ఒకటి వేసి, అక్కడే పదిసార్లు స్విచ్ వేసి ఆర్పాను. నిలిచింది.

ఆవిడకు కావలసింది మొదటి రోజు కూడా ఆ డబ్బాలోనే ఉంది. పక్కింటాయన్ని తిట్టుకున్నాను గానీ, ఆవిణ్ణి ఆ తీగ దాకా తీసుకెళ్లింది నా చెయ్యే.

ఇప్పుడు నా దగ్గర రెండు డబ్బాలున్నాయి. ఎవరు ఫ్యూజు అడిగినా పోయినదాన్ని తెమ్మంటాను. ముందు అక్షరం చదివి, తర్వాతే అంకె చూస్తాను. టీచర్ స్కూటర్ రోజూ మా షాపు ముందు నుంచే వెళ్తుంది. ఎంతమంది ఉన్నా సరే, "బాగున్నారా F గారూ!" అని కేకేస్తారు.

ఓర్చుకుంటాను.