లీలారాణి చలిని కరువనుకున్న రోజు

నాకు లీలారాణి అంటే ఓర్వలేనితనం. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ ఆరా తీయక్కర్లేదు. పైకి "అక్కా" అనే పిలుస్తాను. లోపల మాత్రం ఆమె పేరు వింటేనే కడుపు మండుతుంది.

ఆమెది ప్రకాశం జిల్లా కనిగిరి. పదో తరగతితో చదువు ఆపేసి, పొగాకు బేళ్ళు మోసి, ఆసుపత్రుల్లో ఆయాగా చేసి, చివరికి ఐర్లండులో ముసలివాళ్ళను చూసుకునే కేరర్‌గా తేలింది. అక్కడ ఆడమ్స్‌టౌన్ అనే ఊళ్ళో మా పక్కిల్లే. నేనేమో రాజేంద్రనగర్‌లో అగ్రికల్చర్ ఎమ్మెస్సీ, మెట్ట పంటల మీద గోల్డ్ మెడల్. మా ఆయన అభిజిత్‌కు దగ్గర్లోని లీక్స్‌లిప్‌లో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే చోట ఉద్యోగమొస్తే వెంట వచ్చాను. నా వీసా మీద పని చేయకూడదు. మెడల్ వంటింటి ప్రెస్‌లో, అదే అల్మరాలో, పప్పు డబ్బాల వెనక పడుంది.

లీలారాణి పక్క ఊరు లూకన్‌లో నోరా అనే పెద్దావిడను చూసుకునేది. నోరా వయసులో ఉండగా అమెరికాలో నైరుతి మూల ఎడారి సీమలకు వెళ్ళి పాత చెట్ల చుట్లు లెక్కపెట్టిన మనిషి. చెట్టు ఏడాదికో చుట్టు పెడుతుంది. మంచి ఏడు లావుగా, చెడ్డ ఏడు సన్నగా. ఆ చుట్లను చూసి, అక్కడ ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ళ కిందట మొక్కజొన్న పండించిన ప్యూబ్లో జనం ఏ ఏడు కడుపునిండా తిన్నారో, ఏ ఏడు పస్తులున్నారో చెప్పేదట. చూపు పోయాక తన నోటుపుస్తకాలు లీలారాణి చేత చదివించుకునేది. ఈవిడ కూడబలుక్కుంటూ చదివితే ఆవిడ విప్పి చెప్పేది.

సాయంత్రం లీలారాణి ఆ పాఠమంతా మోసుకొచ్చి నాకు అప్పజెప్పేది.

"చూశారా అమ్మా, వాళ్ళు మొక్కజొన్న గింజను జానెడు లోతున పెట్టేవాళ్ళంట. పైన ఎండినా లోపల తడుంటది గదా. రెండు మూడేళ్ళ తిండి గాదెల్లో దాచుకునేవాళ్ళంట. మా నాయనకు ఆ తెలివుంటే మాకా తిప్పలు ఉండేవి కాదు."

నా సబ్జెక్టు, నాకే పాఠం! "అవునా అక్కా" అనేదాన్ని. అరికాలి మంట నెత్తికెక్కేది.

2018 వేసవిలో ఐర్లండులో కూడా వాన మొహం చాటేసింది. పచ్చిక ఎండి గోధుమరంగుకు తిరిగింది. తోటలకు పైపు పెట్టొద్దన్నారు. అప్పుడు లూకన్‌లో ఏదో సంఘంవాళ్ళు వచ్చి, పాత కరువుల గురించి మాట్లాడమని నోరాను అడిగారు. మంచం దిగలేని నోరా, "నా బదులు లీలా వస్తుంది" అందట.

లీలా! గోడకు ఇవతల నేనొకదాన్ని ఉండగా! రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

"నీకేంటి ప్రాబ్లమ్? గ్రాండ్‌గా ఉంటుంది, వెళ్ళి విను" అన్నాడు అభిజిత్. ఈ దేశమొచ్చాక అతనికి అన్నీ గ్రాండే.

మూడో రోజు లీలారాణి, సభలో చెప్పాల్సింది రాసుకున్న నాలుగు కాగితాలు తెచ్చింది. "మీరు ఒక్కసారి చూడండమ్మా. నోరమ్మ నలభై ఏళ్ళు కష్టపడింది. నా నోటితో ఆవిడ పేరు చెడిపోతే నేను బతకలేను."

మూడు కాగితాల్లో వేలు పెట్టడానికి సందు లేదు. అదే నా ఏడుపు. నాలుగోదాంట్లో దొరికింది. బాగా ఎత్తున, కొండ మీది చెట్టులో వరసగా సన్న చుట్లున్నాయి, కాబట్టి వానల్లేవు, అందుకే జనం పైచేలు వదిలి కిందికి దిగారని రాసింది. తప్పు. అంత ఎత్తున చుట్టును సన్నబరిచేది చలి. వాన తగ్గిన ఏడు పైచేలే ఆదుకునేవి, కొండ మీద కాస్తయినా పడేది కాబట్టి. చలి ముదిరిన ఏడు పైపంట మంచుకు పోయేది, కిందిచేలు ఆదుకునేవి. అందుకే వాళ్ళు రెండుచోట్లా వేసేవాళ్ళు. కనిగిరి మనిషికి చెడ్డ ఏడంటే వాన లేని ఏడే. చలికి పంట చస్తుందని ఆమె కలలో కూడా అనుకోదు.

ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ పేజీ పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను. "అంతా కరెక్టే అక్కా" అన్నాను. ఆమె నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది.

శనివారం మధ్యాహ్నం హాలు నిండింది. మొదట్లో లీలారాణి కాగితం చూసి చదివింది, తర్వాత ఎవరాపినా ఆగలేదు. కొండ చెట్టూ కరువూ అన్నీ చెప్పి, ఇరవై ఏళ్ళకు పైగా వాన మోసం చేస్తే ఆ జనం కుండలు కూడా ఇళ్ళలోనే వదిలి దక్షిణానికి వెళ్ళిపోయారని చెప్పింది. "నేనూ అట్లా వచ్చినదాన్నే" అంది. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. నేను కుళ్ళిపోయాను.

అప్పుడు గడ్డం లెక్చరర్ ఒకాయన లేచాడు. "ఆ కొండ చెట్టు చెప్పేది చలి సంగతి కదా? వాన అని నోరాయే చెప్పిందా?"

లీలారాణి నా వైపు చూసింది. లేచి జవాబు చెప్పడానికి ఆ హాల్లో నాకంటే తగినవాళ్ళు లేరు. బ్యాగు జిప్పు చూసుకుంటూ కూర్చున్నాను. ఆమె ఇంకాసేపు చూసింది. ఆమెకు అర్థమైపోయిందని నాకు తెలిసింది.

"తప్పు నాది సార్, నోరాది కాదు. ఈ కాగితం నేను ఎవరికీ చూపించలేదు" అంది.

బస్‌స్టాప్‌లో నేనే నోరు విప్పాను. "సరిగా చూడలేదక్కా..."

"చూశారమ్మా. ఆ కాగితం కాడ మీరు ఆగారు, నేను గమనించా." గొంతులో కోపం లేదు. "ఇంత చదువు చదివి ఇంట్లో కూర్చోమంటే ఎవరికైనా అట్టనే ఉంటది. సోమవారం నాతో రండి. ఇంక నోరమ్మ పుస్తకాలు మీరే చదివిపెట్టండి. ఇట్టాంటి తప్పు మళ్ళీ జరగదు."

నాలుగు తిట్టుంటే తలెత్తుకుని ఇంటికి పోయేదాన్ని. సిగ్గు విడిచి సోమవారం వెళ్ళాను. లీలారాణి నన్ను మంచం పక్కన తన కుర్చీలో కూర్చోబెట్టి, గిన్నెలు కడగడానికి వంటింట్లోకి పోయింది. ఒక్క తప్పు లేకుండా రెండు పేజీలు చదివాను. నోరా కళ్ళు మూసుకుని ఓపిగ్గా విన్నది.

"చక్కగా చదివావమ్మా," అంది. "లీలా ఏది?"