దారి వదలని సరుగుడు తోట

ఆ శనివారం పొద్దున్న విజయనగరం స్టేషన్లో పలాస పాసింజరు కోసం నిలబడినప్పుడే నాకు సగం కోపం వచ్చి ఉంది. మిగతా సగం దారిలో వచ్చింది.

రెండువేల మూడు వేసవి మొదటి రోజులవి. విశాఖపట్నంలోని ఒక స్వచ్ఛంద సంస్థ, తుఫాను దెబ్బ తిన్న తీరపు ఊళ్ళలో సరుగుడు మొక్కలు నాటిస్తోంది. ఇసుక గాలి ఇళ్ళ మీదికీ కొబ్బరితోటల మీదికీ రాకుండా చెట్ల అడ్డు ఒకటి, తాగడానికి బాగుచేసిన బావి ఒకటి, రెండూ కలిపి ఊరికి ఇస్తారు. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి. సెలవు రోజుల్లో వాళ్ళకు సాయం చేస్తుండేవాణ్ణి. సోంపేట దగ్గర ఒక మత్స్యకారుల ఊళ్ళో, నాటిన మొక్కల్ని ఊరివాళ్ళే పీకేశారని కబురు వచ్చింది. సహకరించని గ్రామమని మీటింగులో తేల్చేశారు. బావి పని ఆపేశారు. దాన్ని వేరే ఊరికి ఇచ్చేద్దామన్నారు. ఆ ఊరికి తాగునీటికి ఉన్నది ఆ ఒక్క బావే. అది పూడిపోయి రెండేళ్ళయింది.

"నేను వెళ్ళి చూసొస్తాను. అంతదాకా ఆగండి" అన్నాను.

సోమవారం దాకా ఆగుతామన్నారు.

పాసింజరు తొమ్మిదికి రావలసింది, పదింపావుకి వచ్చింది. హరిశ్చంద్రపురంలో ఎక్స్‌ప్రెస్‌కి దారి ఇవ్వడానికి ఆగి, అది వెళ్ళిపోయాక కూడా కదల్లేదు. ఎదురు సీట్లో కూర్చున్న పెద్దమనిషి పలాసలో జీడిపప్పు బట్టీకి వెళ్తున్నాడు. నేను కిటికీలోంచి మాటిమాటికీ తొంగి చూస్తుంటే నవ్వాడు.

"ఎందుకు మావా అంత కంగారు? మీకోసం పలాస ఎక్కడికీ ఎల్లిపోదు" అన్నాడు.

పలాస ఎక్కడికీ పోలేదు గాని, అక్కడ నాకోసం జీపుతో ఉంటానన్న శాంతారావు మాత్రం లేడు. శాంతారావు ఆ ప్రాంతానికి సంస్థ తరఫు సమన్వయకర్త. స్టేషను బయట టీకొట్టు అతనికి కబురు చెప్పి వెళ్ళాడట: అత్యవసరమైన పని వల్ల టెక్కలిలో ఉన్నాను, సారుని అక్కడికి రమ్మనండి అని. టెక్కలికి దిగాల్సిన నౌపడ స్టేషన్ని నేను గంట కిందటే దాటి వచ్చాను. ఈ మాట అక్కడ చెప్పి ఉంటే అక్కడే దిగేవాణ్ణి. టీకొట్టతను మాత్రం ఏం చేస్తాడు? రెండు ఇడ్లీలు తిని, కాశీబుగ్గ బస్టాండుకి నడిచి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళే బస్సెక్కాను.

టెక్కలిలో ఆ అత్యవసరమైన పని, ఒక హాల్లో సమావేశం. ఊరికి పొగరాని పొయ్యిలు ఎలా అలవాటు చెయ్యాలో ఒకాయన చెబుతున్నాడు. వినేవాళ్ళంతా గ్యాసు పొయ్యిల మీద వండుకునేవాళ్ళే. నన్నూ వేదిక మీద కూర్చోబెట్టి మెడలో దండ వేశారు. సాయంత్రం అయిదుకి గాని శాంతారావు చేతికి చిక్కలేదు.

అతను ముప్పై అయిదేళ్ళ మనిషి, మర్యాదస్తుడు. గోడకి అంటించిన పటం చూపించాడు. సముద్రం పొడుగునా పచ్చరంగుతో తిన్నగా గీత.

"ఇక్కడే పీకేశారు సార్" అంటూ గీత మధ్యలో వేలు పెట్టాడు. "ఎంత చెప్పినా వాళ్ళు మారరు సార్."

"ఎందుకు పీకారు?"

"ఎందుకేముంది సార్. అవగాహన లేక."

"అడిగారా?"

అతను పటాన్ని మళ్ళీ చూశాడు. తర్వాత, మర్నాడు తనకి వీలుకాదని, ఆదివారం గనక డ్రైవరు రాడని చెప్పాడు.

ఆ రాత్రి కాశీబుగ్గలో లాడ్జి. పక్కనే బస్టాండు కనుక అక్కడ ఉండొచ్చు. అంతకు మించి ఆ లాడ్జి గురించి చెప్పడానికి మంచిమాట ఏమీ లేదు. తెల్లారి ఆరున్నరకి సోంపేట బస్సు దొరికింది. జలంత్రకోట దాకా బాగానే వచ్చి, అక్కడ టైరు పంక్చరై ఆగింది. రెండువైపులా కొబ్బరితోటలు, వాటి మధ్య మధ్య పూతలో ఉన్న జీడిమామిడి. ఇంకో రోజైతే ఆ వాసనకి అక్కడే కూర్చునేవాణ్ణి. ఆ రోజు మాత్రం జాకీ కోసం డ్రైవరూ కండక్టరూ ఒకరినొకరు నిందించుకోవడం వింటూ గడిపాను.

సోంపేటలో ఆటో ఎక్కితే, ముందు నలుగురు, వెనక ఎంతమందో లెక్కపెట్టలేదు. ఇసుక మొదలైన చోట ఆటో ఆగిపోయింది. అక్కడి నుంచి నడకే. వెళ్ళదలచుకున్నవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకోండి, ఎండెక్కక ముందే వెళ్ళండి.

ఊరు సముద్రాన్ని ఆనుకునే ఉంది. ఇళ్ళకీ ఒడ్డుకీ మధ్య సరుగుడు మొక్కలు, మోకాలెత్తున, పచ్చగా. నేను ఆశ్చర్యపోయాను. పీకేశారన్న తోట ఎదురుగా కనిపిస్తోంది. బారులు బారులుగా చాలా దూరం ఉంది. ఊరికి సరిగ్గా ఎదురుగా మాత్రం ఒక ఖాళీ. అక్కడ ఇసుకలో ముళ్ళకంప ముక్కలు ఇంకా పడి ఉన్నాయి.

ఒకావిడ బిందెతో మొక్కలకి నీళ్ళు పోస్తోంది. పేరు లక్ష్మమ్మ. నేను ఎక్కడి నుంచి వచ్చానో చెప్పాక బిందె దించింది.

"మొక్కలు పీకింది ఎవరమ్మా?" అని అడిగాను.

"మావే పీకీసినాం బాబూ. నేదని ఎవులన్నారు?"

"మరి ఇవెందుకు ఉంచారు?"

"ఇవేటి సేసినాయి? గాలొత్తే ఇసకంతా కూట్లో పడతాది. సెట్లు మాకక్కర్నేదని సెప్పినారా మీకు?"

అంతలో ఊరి పెద్ద అప్పన్న వచ్చాడు. మాటలు ఇద్దరూ కలిసి చెప్పారు, ఒకరి మాట ఒకరు లాక్కుంటూ. వాళ్ళ తెప్పలు దిగేది, వచ్చి ఎక్కేది ఆ ఒక్క చోటునే. మిగతా ఒడ్డున అల విరిగే తీరు వేరు. మొక్కలు నాటే రోజునే శాంతారావుతో చెప్పారు, ఇక్కడ దారి వదిలెయ్యమని. పటంలో గీత తిన్నగా ఉంది, మధ్యలో తెగితే పైవాళ్ళు ఒప్పుకోరన్నాడట. మేకలు రాకుండా ముళ్ళకంచె కూడా వేయించాడు. తెప్పలు మోసుకుని కంచె చివరిదాకా చుట్టు తిరిగి నెలల పాటు వెళ్ళారు.

"ఆ మీదట మా ఆయన తెప్ప తిరగబడిపోనాది" అంది లక్ష్మమ్మ.

ఒడ్డుకు వస్తూ, ఇళ్ళ ఎదురుగానే, అలలో తెప్ప బోల్తా పడింది. తెప్ప దుంగ వచ్చి ఆమె భర్త దానయ్య తొడ మీద కొట్టింది. ఇళ్ళ దగ్గరున్న వాళ్ళంతా చూస్తూనే ఉన్నారు. పరుగెత్తుకెళ్ళాలంటే కంచె చుట్టూ తిరగాలి. లక్ష్మమ్మ తిరగలేదు. ముళ్ళలోంచే దూరి వెళ్ళిపోయింది. ఆమె దానయ్య జుట్టు పట్టి లాగి నీళ్ళలోంచి పైకెత్తేసరికి అతను అప్పటికే నీళ్ళు మింగి నీలంగా మారిపోయాడు. మిగతావాళ్ళు చుట్టు తిరిగి వచ్చి ఒడ్డుకి లాగారు.

"బతికినాడు" అంది ఆమె. "తెల్లారినాక అందరం ఎల్లి పీకీసినాం. మొదటి మొక్క నానే పీకినాను."

దానయ్య ఇంటి అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. లేవబోయి, కాలు నిలదొక్కుకోలేక మళ్ళీ కూర్చున్నాడు. నన్ను చూసి ఒక్కటే అడిగాడు. "బావి తవ్వుతారా బాబూ? ఈ మనిషి కొబ్బరితోటలోళ్ళ బోరు దగ్గరికి ఎల్లి మోసుకొత్తాంది. మొక్కలకీ ఆ నీళ్ళే."

నేను మళ్ళీ ఇసుకలో నడిచి, మళ్ళీ ఆటో ఎక్కి, సోంపేటలో ఎస్టీడీ బూతు నుంచి శాంతారావు ఇంటికి ఫోన్ చేశాను.

"ఈరోజు ఆదివారం కదండీ" అన్నాడు.

"రేపు సోమవారం శాంతారావు గారూ. బావి పోయే రోజు. మీరు రాకపోతే మీ సమావేశంలో వేసిన దండ మీకే తిరిగి వేసి, ఇవన్నీ విశాఖ మీటింగులో చెబుతాను."

మధ్యాహ్నం రెండింటికి జీపు తనే నడుపుకుంటూ వచ్చాడు. ఇద్దరం ఊళ్ళోకి వెళ్ళాం.

ఇక తేలిపోతుందనుకున్నాను. తేలలేదు. ఈసారి అడ్డం నేనే. ఖాళీని అలా తిన్నగా ఉంచితే సముద్రపు గాలి ఇసుకతో సహా గొట్టంలోంచి వచ్చినట్టు వచ్చి, ఎదురుగా ఉన్న లక్ష్మమ్మ ఇంటి మీదే పడుతుంది. దారిని ఏటవాలుగా, మధ్యలో ఒక వంపుతో వదలాలన్నాను.

"తెప్ప బుజం మీదెట్టుకుని పాములాగ తిరుగుతామేటి మేస్టరు బాబూ?" అన్నాడు అప్పన్న.

"మా ఇల్లు పూడిపోతే నీ ఇంట్లో ఎట్టుకుంతావేటి?" అంది లక్ష్మమ్మ.

ఊరు రెండుగా చీలి అరుచుకుంది. శాంతారావు, వంపు పటంలో ఎలా చూపించాలని నన్ను చెవిలో అడుగుతున్నాడు. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. నాకు ఓపిక పోయింది. "తెప్ప తీసుకురండి. మోసి చూద్దాం" అన్నాను.

తాడుతో ఇసుకలో వంపు దారి గీశాం. తెప్ప కింద కర్రలు దూర్చి మోయడానికి ఒక మనిషి తక్కువయ్యాడు. దానయ్య మోసే చోటు అది. అందరూ శాంతారావు వైపు చూశారు. అతను బూట్లు విప్పి, ప్యాంటు మడిచి కర్ర కింద భుజం పెట్టాడు. రెండో అడుగులోనే ముఖం ఎర్రబడింది. వంపు దగ్గర తెప్ప కొస మొక్కల్లో ఇరుక్కుంది. దించారు. రెండు బారుల మొక్కలు తీసి ఆ పక్కన నాటాలని ఒప్పుకున్నాను. మళ్ళీ ఎత్తారు. ఈసారి తెప్ప దేనికీ తగలకుండా ఒడ్డుకి చేరింది. శాంతారావు అక్కడే తడి ఇసుకలో కూలబడ్డాడు.

"దీన్ని మోసుకుని కంచె చుట్టూ తిరిగేవారా?" అన్నాడు.

 అప్పన్న అతని భుజాన అంటిన ఇసుక దులిపాడు.

సాయంత్రం సోంపేట బూతు నుంచి, నా ఎదురుగానే, శాంతారావు విశాఖలో కార్యదర్శి గారింటికి ఫోన్ చేశాడు. దారి వదలకపోవడం తన తప్పేనని, ఊరిది కాదని చెప్పాడు. అటువైపు చాలాసేపు మాట్లాడారు. ఫోన్ పెట్టేసి, బావి ఆ ఊరికే ఇస్తారన్నాడు. ఇచ్చారు కూడా. వచ్చే వారమే అన్న పని జ్యేష్ఠంలో మొదలై, వానల ముందు నీళ్ళు పడ్డాయి. అప్పటిదాకా లక్ష్మమ్మ బోరు దగ్గర నుంచే మోసింది.

సోంపేట స్టేషన్ కంచిలిలో ఉంది, ఊరికి దూరం. శాంతారావే జీపులో దింపాడు. బరంపురం వైపు నుంచి పాసింజరు, అలవాటు ప్రకారం ఆలస్యంగా వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది. శాంతారావు కిటికీ దగ్గర నిలబడ్డాడు, ఉత్సాహంగా ఉన్నాడు.

"సార్, కార్యదర్శి గారు ఇంకోటి కూడా చెప్పారు. దీన్ని నమూనా గ్రామంగా ప్రకటిస్తారట. పెద్ద బోర్డు పంపిస్తున్నారు. సిమెంటు దిమ్మ కట్టించమన్నారు."

"మంచిదే. ఎక్కడ కట్టిస్తారు?"

"ఒడ్డున, దారి మొదట్లో సార్. నట్టనడుమ. అందరికీ కనపడాలి కదా."

బండి కదిలింది. "పక్కన, శాంతారావు గారూ. పక్కన కట్టించండి" అన్నాను. ఇంజను కూతలో విన్నాడో లేదో తెలియదు. రెండు చేతులూ ఎత్తి నాకు నమస్కారం పెట్టాడు.

రెండు రోజుల ప్రయాణంలో నేను చూసినదేమిటంటే, ఆ ఊరికి చెట్లు కావాలి, నీళ్ళు కావాలి, దారి కావాలి. మూడూ ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. అక్కడికి వెళ్ళి అడగడానికే ఎవరికీ తీరదు. మీలో ఎవరైనా ఆ వైపు వెళ్తే సోంపేట దాకా బస్సులున్నాయి, ఆ తర్వాత ఆటో, ఆ తర్వాత ఇసుక. సరుగుళ్ళ మధ్య వంపు తిరిగిన దారి కనబడుతుంది. దానికి అడ్డంగా సిమెంటు దిమ్మ ఉంటే, పీకమని లక్ష్మమ్మతో నా మాటగా చెప్పండి.