పదకొండో నంబరు చొక్కాతో హిందూపురం నుంచి ధర్మవరం దాకా

హిందూపురం నుంచి ధర్మవరానికి జనం ఎక్కువగా పట్టుచీరల కోసం పోతారు. నేను పోయింది ఒక పాత ఫుట్‌బాల్ చొక్కా దాని మనిషికి ఇచ్చి రావడానికి. పోయిన గురువారం పెనుకొండ నుంచి రామాంజి ఫోన్ చేశాడు. ఒకప్పుడు పెనుకొండలో మా కోటగేటు ఫుట్‌బాల్ క్లబ్బుకు వాడు గోల్‌కీపర్, నేను కెప్టెన్. ఇప్పుడు వాడు పెనుకొండ బస్టాండు పక్కన టిఫిన్ హోటల్ నడుపుతున్నాడు, నేను హిందూపురంలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తున్నాను. "ఆదివారం పాతోళ్లమంతా ఒక మ్యాచ్ ఆడుకుందామప్పా. దొరికినోళ్లందరికీ చెప్పినా, ఆ ఓబులేసుకు తప్ప. వాడు రాకుంటేనే మేలు" అన్నాడు. సరే అని ఫోన్ పెట్టేశాను. ఆ రోజు డ్యూటీలో రెండుసార్లు మీటర్ రీడింగు తప్పు రాసి, సూపర్‌వైజర్‌తో మాట పడ్డాను. ఎందుకంటే ఓబులేసు మీద క్లబ్బు వాళ్లంతా నమ్మిన నింద వేసింది నేనే. అది అబద్ధమని తెలిసింది నాకూ ఓబులేసుకూ మాత్రమే.

ఆ చొక్కా గురించి ముందు చెప్పాలి. తొంభై మూడులో క్లబ్బు పెట్టినప్పుడు హిందూపురం బజారులో పదకొండు తెల్ల కాటన్ చొక్కాలు కొన్నాం. రంగు చొక్కాలు కొనే స్తోమత లేదు. ఓబులేసు ధర్మవరంలో పట్టు నూలుకు రంగు అద్దే షెడ్డులో పనిచేసేవాడు. వాళ్ల అక్కను పెనుకొండలో ఇచ్చారు కాబట్టి శనివారం అక్క ఇంటికొచ్చి, ఆదివారం మాతో ఆడి పోయేవాడు. ఎడమ కాలితో బంతిని గీత పక్కనే తీసుకుపోతుంటే ఎవరూ పట్టుకోలేకపోయేవాళ్లు. "చొక్కాలు నాకియ్యండి, పాత్రలో మిగిలిన రంగులో ముంచుకొస్తా" అన్నాడు. చీరల్లో మిగిలిన జరీ పోగులతో నంబర్లు వాళ్ల అక్క కుట్టింది. అలా మా క్లబ్బు రంగు ఆ వారం ఎవరి పెళ్లి చీర తయారవుతుంటే ఆ రంగు. పట్టుకు అద్దే రంగు కాటన్ మీద నిలవదని మాకు మొదటి మ్యాచ్‌లోనే తెలిసింది. చెమటకు దిగి ఒంటికంతా అంటుకునేది. అందుకే ప్రతి సీజన్‌కూ మళ్లీ ముంచాల్సి వచ్చేది. రంగు మీద రంగు వేస్తే ముదురు వైపే పోవాలి కానీ వెనక్కి రాలేము. మొదటి ఏడాది పసుపు, ఒక్క మ్యాచ్ గెలవలేదు. రెండో ఏడాది నారింజ, రెండు గెలిచాం. మూడో ఏడాది ఎరుపు. వానలో ఆడి ఎర్రగా తడిసిపోతే జనం కుంకుమ టీము అని పేరు పెట్టారు, సెమీఫైనల్ దాకా పోయాం. నాలుగో ఏడాది మళ్లీ ఎరుపులోనే ముంచి ఫైనల్‌కు వచ్చాం, ముదురు నీలం ఆ ఫైనల్‌కే.

ఫైనల్ హిందూపురంలో. మాతో ఆడేవాళ్లది ముదురు నీలం చొక్కా, మీరు వేరే రంగు వేసుకుని రండి అని నిర్వాహకులు నాకు ముందే ఉత్తరం రాశారు. చదివి ప్యాంటు జేబులో పెట్టి మర్చిపోయాను. వెలిసిపోయాయని ఫైనల్‌కు ముందు ఓబులేసు చొక్కాలు తీసుకుపోతూ "ఈసారి ఏ రంగు?" అని అడిగితే "పాత్రలో ఏదుంటే అది" అన్నాను. మ్యాచ్ రోజు రెండు టీములూ నీలంతో నిలబడ్డాయి. రిఫరీ మార్చుకోమని అరగంట ఇచ్చాడు. మాకున్నవి ఆ పదకొండు చొక్కాలే. ఆట ఆడకుండానే ఓడిపోయాం. మావాళ్లంతా ఒకరి మీద ఒకరు అరుస్తుంటే, ఉత్తరం సంగతి బయటపడుతుందని భయపడి "నీలం వద్దని ఓబులేసుకు నేను ముందే చెప్పినా" అనేశాను. ఓబులేసు తన పదకొండో నంబరు చొక్కా విప్పి, మడిచి, నా బ్యాగు మీద పెట్టి, బనియన్‌తోనే స్టేషన్ వైపు నడిచిపోయాడు. మళ్లీ రాలేదు. మరుసటి ఏడాదికి క్లబ్బే లేదు. ఇదంతా జరిగి పదేళ్లయింది.

శనివారం పొద్దున షిఫ్టు దిగి, ఇంటికి పోకుండానే ఏడింటికి హిందూపురం బస్టాండులో ధర్మవరం బస్సు ఎక్కాను. పెనుకొండకు ఇరవై రూపాయలు, అక్కడి నుంచి ధర్మవరానికి ఇంకో పాతిక, మొత్తం మూడు గంటలు. ప్యాసింజర్ రైలు చవక, కానీ నా షిఫ్టుకూ ఆ రైలుకూ ఎప్పుడూ కుదరదు. సోమందేపల్లి దాకా నిలబడే పోయాను. తర్వాత సీటు దొరికినా నిద్ర రాలేదు. కళ్లు మండుతున్నాయి, మోకాళ్లు లాగుతున్నాయి, ఒళ్లో ప్లాస్టిక్ కవర్లో, రాత్రి డ్యూటీకే వెంట తెచ్చుకున్న చొక్కా. పక్కన కూర్చున్న రొద్దం రైతు "ఏమబ్బా, చీర మార్చేదానికి పోతాండావా?" అని అడిగాడు. అవునన్నాను. నిజం చెప్పే ఓపిక లేదు.

పెనుకొండలో బస్సు పావుగంట ఆగుతుంది. రామాంజి హోటల్లో బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ ఎనిమిది రూపాయలు. వేడిగా తినాలంటే తొమ్మిదిలోపు పోవాలి. వాడు పెనం దగ్గర చెమటతో నిలబడి ఉన్నాడు. "ఏమప్పా సూరీ, రేపు కదా మ్యాచ్, ఈరోజే దిగినావే?" అన్నాడు. ధర్మవరంలో పనుందన్నాను. "ఆడ ఆ రంగులోడు కనపడితే మ్యాచ్ సంగతి చెప్పొద్దు మళ్ల" అని ఇంకో బజ్జీ వేశాడు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. మాట నాలుక దాకా వచ్చింది. ఇంతలో కండక్టర్ విజిల్ వేశాడు, నేను చేతులు తుడుచుకుని పరిగెత్తాను. ఆ విజిల్ వినపడగానే నా ప్రాణం కుదుటపడిందని ఇక్కడ ఒప్పుకోక తప్పదు.

కొత్తచెరువు మీదుగా ధర్మవరం చేరేసరికి పది దాటింది. ఎండ అప్పుడే మాడు పగలగొడుతోంది. బస్టాండు బయట ఆటో అతను "యాడికన్నా, చీరల షాపులకా?" అన్నాడు. రంగుల షెడ్డుకు అన్నాను. "ఆడేముండాది సూసేదానికి?" అంటూనే పది రూపాయలకు తీసుకుపోయాడు. రెండు మూడు సందులు తిరిగి, కర్రల మీద పట్టు నూలు ఆరేసిన చోట దించాడు. చూడాలనుకునేవాళ్లు పొద్దున పదకొండులోపు పోతే మంచిది, అప్పుడే పాత్రలు పొయ్యి మీద ఉంటాయి. షెడ్డులో ఆవిరికి ఊపిరాడదు. ఓబులేసు లుంగీ ఎగగట్టి, రాగి పాత్రలో నూలు కట్టను కర్రతో తిప్పుతున్నాడు. జుట్టు సగం తెల్లబడింది. మోచేతుల దాకా ఆకుపచ్చ. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "కూచో సూరీ. ఇది ఇడిచిపెడితే మచ్చలొస్తాయి" అన్నాడు.

అరగంట కూర్చున్నాను. పని అయ్యాక చేతులు కడుక్కుని వచ్చాడు. పవర్‌లూమ్ చీరలు వచ్చాక వారానికి మూడు రోజులే పని ఉంటోందని అతనే చెప్పాడు. చొక్కా ఇచ్చాను. నంబరు వైపు చూడకుండా దాన్ని తిరగేసి, అంచు మడత కుట్టు గోటితో విప్పాడు. మడత లోపల రంగులన్నీ సన్నని చారల్లాగా మిగిలే ఉన్నాయి. "ఇది మొదటిది, పసుపు. నల్లచెరువు పెండ్లి చీరది. ఇది నారింజ. ఇది కుంకుమ టీముది" అని వేలు పెట్టి చూపించాడు. నీలం దగ్గరికి వచ్చేసరికి వేలు తీసేశాడు. అప్పుడు చెప్పాను. ఉత్తరం వచ్చిందని, జేబులో పెట్టి మరిచానని, భయపడి అబద్ధం ఆడానని, తప్పైపోయిందని. అంతా విని చెంబుతో నీళ్లిచ్చాడు.

"నాకు చెప్తే ఏమొస్తాదప్పా?" అన్నాడు మెల్లగా. "నేను తప్పు చేయలేదని నాకు తెలీదా? నాకు తెలిసింది నాకే చెప్పేదానికి ఇంత దూరం వచ్చినావా? నమ్మింది ఆళ్లు. పోయి ఆళ్లకు చెప్పు." చొక్కా మడత వేస్తూ మళ్లీ అన్నాడు. "మా అక్క ఇంటికి ఇప్పటికీ పోతాండా. బస్టాండులో దిగను. ముందు స్టాపులో దిగి, పొలాల మీద నడిచి పోతా. రామాంజి హోటల్ ముందర పోవాల్సొస్తాదని." చొక్కా తన దగ్గరే పెట్టుకున్నాడు. భోజనం చేసి పొమ్మన్నాడు, బస్సుకు టైమైందని చెప్పి వచ్చేశాను.

రెండింటి బస్సులో తిరుగు ప్రయాణం. ధర్మవరం నుంచి ఇంత అలసటతో నేను ఎప్పుడూ రాలేదు. టికెట్ హిందూపురానికే తీసుకున్నాను. పెనుకొండలో బస్సు ఆగగానే, మళ్లీ విజిల్ వస్తుందేమోనని ముందే దిగిపోయాను. రామాంజి సాయంత్రం బజ్జీలకు ఉల్లిపాయలు కోస్తున్నాడు. పక్కన నిలబడి మొత్తం చెప్పాను. కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది. "మా నాయన పోయినప్పుడు వాడు వచ్చినాడు సూరీ" అన్నాడు. "గేటు బయటే నిలబడినాడు. లోపలికి రమ్మని నేననలేదు." ఉల్లిపాయల వల్లో కాదో, కళ్లు తుడుచుకున్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. షట్టర్ సగం దించి, ధర్మవరం బస్సు ఎన్నింటికని అడిగాడు. నాలుగున్నరకు ఉందన్నాను. బస్సెక్కబోతూ వెనక్కి తిరిగి, "రేపటికి కుర్రోళ్లను కలుపుకున్నా లెక్కగా పదకొండు మందిమే ఉండాము. వాడొస్తే నువ్వు బయట కూచో" అన్నాడు.

బయటే కూర్చున్నాను. ఆదివారం పొద్దున మ్యాచ్‌కు ముందు, వచ్చినవాళ్లందరి ముందూ ఇదే సంగతి మళ్లీ చెప్పాను. ఎవరూ నా మొహం చూడలేదు. కాసేపటికి రామాంజితో పాటు ఓబులేసు వచ్చాడు. ఆ చొక్కా పొట్ట దగ్గర బిగుతైంది, జరీ నంబరు నల్లబడింది. ఇరవై నిమిషాలు ఆడి ఆయాసంతో బయటికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మెడ మీద నీలం దిగి ఉంది. "నీళ్లుండాయా?" అన్నాడు. సీసా ఇచ్చాను. ఒకరికి చేసిన అన్యాయాన్ని వాళ్ల చెవిలో ఒప్పుకోవడం తేలికని, అది కూడా నా బరువు దించుకోవడానికేనని ఆ గీత పక్కన కూర్చున్నప్పుడు అర్థమైంది. ఆ ఫైనల్ నాటి టీములో ముగ్గురు ఎక్కడున్నారో మాకెవరికీ తెలియదు. ఆ ముగ్గురిలో ఎవరైనా ఇది చదివితే, ఓబులేసుకు నీలం వద్దని నేను చెప్పలేదు. ఇక ఈ దారిలో నాలాంటి పని మీద పోయేవాళ్లకు ఒక్క సలహా. ధర్మవరానికి నేరుగా టికెట్ తీసుకోకండి. పెనుకొండ ముందే వస్తుంది, అక్కడ దిగి చెప్పాల్సింది చెప్పేసి, తర్వాతి బస్సుకు పోండి. గంటకొకటి ఉంటుంది.