బురుల్చా తీసేసిన తాళం

కిర్గిజ్ దేశపు నరీన్ ఊళ్ళో ఫోను లేని ఇల్లయినా ఉంటుందేమో గాని బురుల్చాని ఎరగని ఇల్లు ఉండదు. యాభై రెండేళ్ళ మనిషి. పంతొమ్మిదో ఏట పాత టెలిఫోన్ ఎక్స్చేంజిలో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చుంది. ఈ ఊరి నుంచి పై ఊరికి కాల్ కలపాలంటే ఆ రోజుల్లో తీగ తీసి బోర్డు మీది రంధ్రంలో గుచ్చాలి. గుచ్చి, "వినిపిస్తోందా?" అని అడగాలి. అవతలివాళ్ళు ఔననగానే మీట ఎత్తేసి తన చెవి తప్పించాలి. మొదటిరోజే పెద్ద ఆపరేటరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది.

"మధ్యలో వినగలిగేది నువ్వొక్కదానివే. నువ్వు వినకపోతే ఇంకెవరూ వినరు. తాళం నువ్వేనే పిల్లా, గుర్తుపెట్టుకో."

బురుల్చా గుర్తుపెట్టుకుంది. ఎంతగా పెట్టుకుందంటే, పెళ్ళయిన కొత్తలో తన మీద చాడీలు చెప్పడానికి అత్తగారు ఆడపడుచుకి బుక్ చేసిన కాల్‌ని కూడా తనే కలిపి, "వినిపిస్తోందా?" అని మర్యాదగా అడిగి, మీట ఎత్తేసింది. మనమైతే వినేవాళ్ళం. బుకాయించకండి.

ఆ ఎక్స్చేంజి మూతపడింది. భర్త పోయాడు. బురుల్చా తన తల్లి అనార్‌బుబు ఇంటికి తిరిగొచ్చి, ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లు ఆఫీసులకు పెట్టే ఓ చిన్న కంపెనీలో చేరింది. యజమాని కుబానిచ్‌కి ముప్పై దాటలేదు. ఆమెని 'ఎజె' అనే పిలుస్తాడు. అక్క అంటే అక్కలాగే చూస్తాడు కూడా. ఆ ఇంట్లో మూడో మనిషి ఆమె ఆఖరి తమ్ముడు జోల్దోష్‌బెక్. చైనా సరిహద్దు దాకా లారీ తోలతాడు. ముప్పై ఎనిమిదేళ్ళొచ్చినా పెళ్ళి ఊసెత్తడు. "ఆ లారీకే పసుపు కుంకాలిచ్చి కోడలిగా తెచ్చుకుందామంటే, అది గుమ్మంలో పట్టదే!" అని తల్లి వాపోయేది, నవ్వుతూనే.

పసుపు కుంకాలన్నది నా మాటేలెండి, అక్కడ కోడలిని ఖాయం చేసుకుని చెవులకు కమ్మలు పెడతారు.

ఇంటర్నెట్ ఫోన్లో మాట ముక్కలు ముక్కలై పోతుంది. నాలుగైదు మెషిన్లు దాటి అవతల మళ్ళీ అతుక్కుంటుంది. తాళం వేసి పంపితే దారిలో ఎవరు విప్పినా గరగర తప్ప ఏమీ ఉండదు. తాళం లేకపోతే అది పోస్టుకార్డే, ఎవరి చేతికొస్తే వాళ్ళు చదువుకోవచ్చు. మూడేళ్ళ కిందట ఊరి ఆసుపత్రిలో ఫోన్లు పెట్టినప్పుడు బురుల్చా తాళం వేసే పెట్టింది. కానీ అవి పాత ఫోన్లు. రిసీవర్ ఎత్తాక నాలుగు సెకన్లు నిశ్శబ్దం, ఆ తర్వాతే మాట. పెద్ద డాక్టరు ఎగిరిపడ్డాడు.

"ఇక్కడ మనిషి పోతుంటే నీ తాళం తెరుచుకునేదాకా ఆగమంటావా, ఎజె?"

న్యాయమేననిపించి తీసేసింది, వారం రోజులకని. ఆ వారానికి మూడేళ్ళు నిండాయి. ఏడాది కిందట ఆ నాలుగు సెకన్ల జాప్యం లేకుండా చేసే కొత్త ప్రోగ్రాం కూడా వచ్చింది. కుబానిచ్ రెండుసార్లు గుర్తు చేశాడు. రెండుసార్లూ బురుల్చా ఒకటే అంది.

"వినేదెవరురా? నేనేగా. నేను వినను."

ఇదీ ఆమె చేసిన తప్పు. బద్ధకస్తులు చేసే తప్పు కాదిది. ముప్పై మూడేళ్ళు నిజాయితీగా బతికిన మనిషి మాత్రమే ఇంత పెద్ద తప్పు చేయగలదు.

జనవరిలో ఓ మంగళవారం. జోల్దోష్ ఫోన్ చేసి రెండు రోజులయింది. సరిహద్దులోని తోరుగార్త్ కనుమ దగ్గర మంచు పడుతోందని రేడియోలో చెప్పారు. పొద్దున టీలో ఉప్పు వేస్తూ తల్లి అడిగింది.

"కనుమ మీద ఫోన్ పనిచేయదంటావా?"

"చేయదు అపా. కిందికి దిగాక వాడే చేస్తాడు" అంది బురుల్చా. వాళ్ళ భాషలో అమ్మని అపా అంటారు.

"దిగాక చేస్తే సరే. వాడి అయ్య కబురులా మాత్రం నాకు రాకూడదు."

చావు కబురు చెప్పడానికి ఓ వరస ఉంది. పెద్దలంతా కలిసి ఇంటికి రావాలి, కూర్చోవాలి, చెరోపక్కా చెయ్యి పట్టుకోవాలి, అప్పుడే నోరు విప్పాలి. ఫోన్లో చెప్పడం పగవాళ్ళకి కూడా చేయరు. తండ్రి పోయినప్పుడు పెద్దలు బయల్దేరేలోపే సంతలో ఎవడో మతిలేనివాడు అనార్‌బుబుకి ఎదురొచ్చి అనేశాడు. ఆమె అక్కడే కూలిపోయింది, మూడు నెలలు మంచం దిగలేదు. ఇప్పుడామెకి డెబ్భై నాలుగు. మరోసారి అలా వింటే ఇక లేవదు.

పదకొండు గంటలప్పుడు కుబానిచ్ వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఎజె, ఆసుపత్రి స్టోరు ఫోన్లో మాట పగులుతోందని మూడోసారి కంప్లైంట్."

స్టోరు చూసేది ఆమె సొంత బాబాయి మంబెతాలీయే. బురుల్చా ఆ లైను మీద ఇందాక నడిచిన కాల్‌ని మెషిన్లో పట్టి, మాట ఎంత సాఫీగా పోయిందో తెర మీద చూపించే గీతలు చూసింది. ఆమె ఎప్పుడూ గీతలే చూసేది.

"గీతలు బాగానే ఉన్నాయి మరి."

"గీతలు చూస్తే పగులు కనబడుతుందా? అర నిమిషం విను ఎజె. అది కూడా పాపమేనా?"

"పాపమే" అంటూనే నొక్కింది. ముప్పై మూడేళ్ళలో మొదటిసారి.

స్పీకర్లోంచి గొంతులు గదినిండా వచ్చాయి. పగులూ లేదు, గరగరా లేదు. పక్కన కూర్చుని చెబుతున్నంత శుభ్రంగా ఉన్నాయి.

"...బండి లోయలోకి జారింది, మంబెతాలీ అన్నా. మేం అంబులెన్సు తీసుకుని వెళ్ళేసరికే ప్రాణం లేదు. జేబులో లైసెన్సు ఉంది, జోల్దోష్‌బెక్ అని. మీ అన్నగారి అబ్బాయేగా?"

తర్వాత బాబాయి గొంతు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. మూడింటికి పెద్దల్ని తీసుకుని నేనే వెళ్తాను. అందాకా వాళ్ళమ్మ చెవినా బురుల్చా చెవినా పడకూడదు. పడిందంటే..."

కుబానిచ్ చెయ్యి చాచి ఆపేశాడు. బురుల్చా కదల్లేదు. తెర మీద గీతలు ఇందాకటిలాగే ఉన్నాయి. అందులో తన తమ్ముడి చావు ఏ గీతో వెతుకుతున్నట్టు వాటినే చూస్తూ ఉండిపోయింది.  

"ఎజె... ఎజె, నేను... నాకు తెలీదు ఎజె..."

లోపలి నుంచి ఏడుపు తన్నుకొచ్చింది. ఇక్కడ ఆడది గొంతెత్తి ఏడిస్తే వీధి మొత్తానికీ అర్థమైపోతుంది. వీధికి తెలిస్తే గడియలో తల్లికి తెలుస్తుంది. బురుల్చా తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుని పళ్ళతో కరిచిపట్టింది.

అప్పుడు తట్టింది రెండో సంగతి. ఆసుపత్రి కాల్స్ తన మెషిన్ ఒక్కటే దాటవు. దారిలో ఇంకో కంపెనీ మెషిన్ ఉంది, దాని దగ్గర షేయ్‌షెన్ కూర్చుంటాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. పోయిన నెల విందులో కూర మెక్కుతూ, "పెద్ద డాక్టరు తమ్ముడు పెళ్ళాన్ని వదిలేస్తున్నాడటగా!" అన్నాడు. వీడికెలా తెలిసిందా అని ఆ రోజు అందరితో పాటు తనూ ఆశ్చర్యపోయింది. ఇప్పుడు తెలిసింది. మూడేళ్ళుగా ఊరి రోగాలన్నీ, కాన్పులన్నీ, చావులన్నీ తనే ఆ మనిషి చెవిలో పోస్తోంది. పైగా బాబాయి ఇప్పటినుంచి మూడు దాకా అదే ఫోన్లో ఎంతమందికి చేస్తాడో! శవాన్ని తెప్పించాలి, దాన్ని ఉంచడానికి గుడారం వేయించాలి, వచ్చేవాళ్ళ భోజనానికి గొర్రెని చూడాలి.

గుడ్డ నోట్లోంచి తీసింది.

"ఆ కొత్త ప్రోగ్రాం ఎక్కడుంది?"

"నేను వేస్తాను ఎజె, నువ్వు కూర్చో. కూర్చో ముందు."

"తీసింది నేను. వేసేదీ నేనే."

ఆసుపత్రిలో నలభై ఒక్క ఫోన్లు. మొదట స్టోరుది. రెండుసార్లు తప్పు నొక్కింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుందని తనకీ తెలుసు. అయినా ఒక్కొక్కటే, వరసగా, వదలకుండా. స్టోరు ఫోన్ మళ్ళీ మాట్లాడుతోందని తెరమీద కనబడగానే ఆ కాల్ పట్టి నొక్కి చూసింది. రేకు మీద ఇసుక పోసినట్టు ఒకటే గరగర. అందులో బాబాయి లేడు, తమ్ముడు లేడు. ఈ పని మూడేళ్ళ కిందటే చేసి ఉంటే తనకీ ఇలా తెలిసేది కాదు గదా అనుకుంది. ఆఖరున, ఉద్యోగికి ఉచితమని తమ ఇంట్లో పెట్టిన ఫోనుకి కూడా తాళం వేసింది.

పన్నెండయింది. రోజూ పన్నెండుకి ఇంటికి చేస్తుంది. ఇవాళ చేయకపోతే అదే పెద్ద కబురవుతుంది. కుబానిచ్ గ్లాసుతో నీళ్ళిచ్చాడు. తాగి, గొంతు సవరించుకుని, చేసింది.

"అపా, మందేసుకున్నావా?"

"వేసుకున్నా."

"టీ తాగావా?"

"తాగా. వాడు చేశాడా?"

"దారి మూసేశారట అపా. ఆఫీసులో అనుకుంటున్నారు. రేపో మాపో తెరుస్తారు."



"సరేలే" అంది తల్లి. "పెందలాడే రా."

ఫోన్ పెట్టేసి బురుల్చా ఊపిరి పీల్చుకుంది. ఆ కాల్ షేయ్‌షెనే కాదు, భూమ్మీద ఎవడూ విప్పలేడు. అబద్ధం భద్రంగా చేరిందనుకుంది, పిచ్చిది.

రెండున్నరకి తమ వీధి మలుపు తిరిగింది. మలుపులోనే ముక్కుకి తగిలింది, కాగే నూనె వాసన. ఎవరిల్లోననుకుంటూ నడిచింది. గుమ్మం దగ్గరికొచ్చేసరికి అర్థమైంది. తమ ఇల్లే. పోయినవాళ్ళకి వాసన చేరాలని పిండి నూనెలో వేయించేది గురువారం. ఇవాళ మంగళవారం.

లోపల తల్లి పొయ్యి ముందు నిలబడి బోర్సోకులు, అంటే ఆ వేయించిన పిండి ముక్కలు, తీస్తోంది. పెద్ద పళ్ళెం నిండిపోయి ఇంకో పళ్ళెంలో పోస్తోంది. తివాచీలు పరిచి ఉన్నాయి. టీ గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. జోల్దోష్ పాత చలికోటు కొక్కేనికి లేదు, మడతపెట్టి పెట్టె మీద ఉంది.

"ఎవరొచ్చారు?" బురుల్చా గుమ్మంలోంచే అడిగింది. "షేయ్‌షెన్ వచ్చాడా? ఎవరు చెప్పారు అపా?"

"ఎవరూ రాలేదు." తల్లి వెనక్కి తిరగలేదు. "నువ్వే చెప్పావు."

"నేనా?"

"ముప్పై మూడేళ్ళ నుంచి ఫోన్ చేస్తున్నావు నాకు. ఎత్తగానే 'వినిపిస్తోందా?' అని అడగకుండా ఒక్కనాడు మాట్లాడావా? ఇవాళ అడగలేదు. నాకు వినిపించకూడదనుకున్నావు."

బురుల్చా నలభై రెండు ఫోన్లకీ తాళాలు వేసొచ్చింది, తన గొంతుకి తప్ప.

"అపా, నేను..."

"ఊరుకో. మీ బాబాయి ఎన్నింటికి వస్తానన్నాడు?"

"మూడింటికి."

"నాకు తెలుసని వాళ్ళ ముందు అనకు. పాపం ముసలాళ్ళు, ఏం చెప్పాలో ఎలా చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కుని వస్తుంటారు. ఈసారైనా నాకు చెప్పాల్సినట్టు చెప్పనీ." అప్పుడు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, తడి లేదు. "వాళ్ళు చెప్పేదాకా నా కొడుకు బతికే ఉన్నాడు. ఇంకో అరగంట. ఆ పొయ్యి కట్టేసి రా."

ఆ అరగంటా ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. గుమ్మం బయట బూట్లకంటిన మంచు దులుపుకుంటున్న చప్పుడయింది. మంబెతాలీ ముందు, వెనక ముగ్గురు పెద్దలు. బాబాయి వదినని 'జెంగె' అనే పిలుస్తాడు. పళ్ళేల వంక చూసి తడబడ్డాడు.

"ఇవాళ మంగళవారం కదా జెంగె, నూనె పెట్టావేం?"

"నోరు ఊరుకోలేదు మరిదీ. కూర్చోండి."

కూర్చున్నారు. ఒక్కరూ బోర్సోకు ముట్టలేదు. మంబెతాలీ జరిగొచ్చి వదిన కుడిచెయ్యి పట్టుకున్నాడు, ఇంకో ముసలాయన ఎడమచెయ్యి పట్టుకున్నాడు.

"జెంగె, గట్టిగా ఉండు. కొండలు కూడా కూలతాయి, చెరువులు కూడా ఎండుతాయి. మన జోల్దోష్..." ఆయన వదిన చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "మన జోల్దోష్ ఇక రాడు."

తల్లి తలవంచుకుని మొత్తం విన్నది. కూలిపోలేదు. ఆ రెండు చేతులూ ఆమెని నిలబెట్టాయి. బురుల్చా మాత్రం గోడకి ఆనుకుని రాయిలా ఉండిపోయింది. పొద్దున్నించీ తెలిసినదే, అయినా ఇప్పుడే మొదటిసారి విన్నట్టు నోరు తెరుచుకుని చూస్తోంది. తల్లి మరిది చేతిలోంచి తన చెయ్యి తీసుకుని కూతురి చెయ్యి పట్టుకుంది.

"వినిపిస్తోందా, తల్లీ?"

"వినిపిస్తోంది అపా" అంది బురుల్చా. పదకొండింటి నుంచి తలగుడ్డ కింద బిగబట్టిన ఏడుపు అప్పుడు వీధి చివరిదాకా వినబడింది.